బీగంలో ఎవురో

ఐదూ ముక్కాలుకు ఫోను.
"దస్తగిరన్నా, చెవి దిగడంల్యా,
బిడ్డ లోపలుంది."
పనిముట్ల పెట్టె సైకిలుకు తగిలించుకుని
హొంగసంద్ర రెండో క్రాసు,
నీళ్ల ట్యాంకరు నిలబడే మూల,
మూడంతస్తుల మీద రేకుల గది.

మారెక్క మెట్ల మీదే ఉంది.
గార్మెంట్సు కార్డు ఇంకా మెడలోనే,
జడలో తెల్లదారం ముక్క.
ఓటీ చెయ్యనని వచ్చేసిందంట,
సూపర్వైజరు మొకం మాడ్చుకున్నాడంట.
నేను అడగలేదు. ఎవరో అడిగినట్టు
తనే చెప్తా ఉంది:
"పక్కింటామె ఊరికి పోయింది.
చిత్రాన్నం పెట్టినా, రెండు అరటిపండ్లు,
సీసా నిండా నీళ్లు,
గ్యాసు కిందనే తిప్పేసినా.
ఈ ఒక్కరోజే అన్నా."

టార్చి వేసి బెజ్జంలోకి చూసినాను.
ముప్పయ్యేండ్లుగా బీగాల నోళ్లు చూస్తున్నోణ్ణి.
ఇరిగిన చెవులు, అగ్గిపుల్లలు, నమిలిన బబుల్గమ్ము,
ఒకసారి ఎవడో మొగుడు పోసిన ఫెవిక్విక్కు.
ఇది మన్ను.
గోటితో మెత్తినట్టు నున్నగా,
అంచు దాకా,
ఇంకా తడారని ఎర్రమన్ను.

తలుపవతల నుంచి గొంతు:
"అమ్మా, బీగంలో ఎవురో ఉండారు.
పొద్దున్నించీ పాడతా ఉండారు.
పోతారు. మళ్లా వస్తారు."

కుమ్మరి పురుగు.
కదిరిలో మా అవ్వ దూది ఏకుతా చెప్పేది:
అది ఏదో ఒక పురుగును ఎత్తుకొచ్చి
మట్టింట్లో పెట్టి
చెవిలో జుమ్మని పాడి పాడి
తనలాగే మార్చుకుంటుందంట.
ఎవరి బిడ్డైనా సరే, పాట చాలంట.
చాలా ఏండ్లు నమ్మినాను.

సన్నకమ్మీతో గీకినాను,
పెళ్లలు పెళ్లలుగా అరచేతిలోకి.
వెనకాల గది.
గదిలో పచ్చపురుగులు, ఆరో ఏడో,
బస్సులో జనం మాదిరి కుక్కి ఉన్నాయి.
చచ్చినవి కావు.
ఒకటి కాలు కదిలిచ్చింది.
వాటి పైన,
వెంట్రుకలో సగం కూడా లేని దారానికి
ఒక గుడ్డు వేలాడతా ఉండింది.
నా ఊపిరి తగిలి ఊగింది.

అవ్వా, అది పాట కాదే.
సద్ది.
రేపో మాపో కళ్లు తెరిచేదానికి
చెడిపోకుండా, ప్రాణంతోనే
మూటగట్టిన సద్ది.
దాని మొకం ఇది చూడదు.
ఇది ఎవరో దానికి తెలీదు.
ట్యాంకరు కింద కారిన బురదను
ఉండకు ఉండ మోసుకొచ్చి,
వాకిలి మూసి, ఎల్లిపోతుంది.
ఆ పురుగులది ఏం పాపమో
అది నన్నడగొద్దు.

"ఏమన్నా అది?"
టార్చి వెలుగులో చూపించినాను.
రోజుకు ఎనిమిదొందల కాలర్లు కుట్టే కళ్లతో
మారెక్క ఆ దారాన్నే చూసింది, చాలాసేపు.
"ముడి ఎక్కడేసిందో కనబడదే" అనింది.

మిగిలిన మన్ను కూడా తీసేసినాను.
ఇంకేం చెయ్యాలి, బిడ్డ లోపలుంది.
చెవి దిగింది. రెండు తిప్పులు.
తలుపుకు ఆనించి స్టూలు,
స్టూలు మీద జస్విత,
సగం చిత్రాన్నం గిన్నెలో అట్లే ఉంది.
బెజ్జానికి లోపలి పక్క
రెండు పచ్చటి మెతుకులు అంటుకుని ఉన్నాయి.
"పాడేటోళ్లకు ఆకలైతుంది కదా" అనింది.
మారెక్క బిడ్డను ఎత్తుకోలేదు,
కూలబడింది గడపలోనే,
కార్డు తీయడం మర్చిపోయి.

"చెయ్యి తెరువు" అని పాప నా వేళ్లు విప్పింది.
మన్ను ఉంది, పురుగులున్నాయి.
గుడ్డు ఎక్కడ రాలిపోయిందో.
గచ్చంతా టార్చి వేసి వెతికినాం ముగ్గురం.
దారం కూడా దొరకలేదు.

వంద ఇచ్చింది. యాభై వెనక్కిచ్చినాను.
పూర్తిగా వద్దనేంత మంచోణ్ణి కాదు,
నాకూ షాపు బాడుగుంది.

మెట్లు దిగుతా ఉంటే
చెవి పక్కనే జుమ్మని
ఏదో పైకి పోయింది,
నోట్లో నల్లగా, తడిగా, చిన్న ఉండ.
ఆగినాను,
పైన తలుపు పడే చప్పుడు కోసం.
చాలాసేపు ఆగినాను.

పడలేదు.